అదనపు హార్డ్‌డిస్కులు బిగించాక ఉదయం మొదటిసారి కంప్యూటర్ లేవడం లేదు: ఎస్‌ఎంపీఎస్ మార్చాలా?

గాజువాక_కెమెరా (శనివారం, రాత్రి 9:40)

సభ్యులందరికీ నమస్కారం. నేను గాజువాకలో పెళ్లిళ్ల ఫొటోలు, వీడియోలు తీసే చిన్న స్టూడియో నడుపుతున్నాను. ఆరేళ్ల క్రితం అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్ మీదే ఎడిటింగ్ అంతా జరుగుతుంది. అందులో ఐ5-9400ఎఫ్ ప్రాసెసర్, జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు, విండోస్ ఉన్న 500 జీబీ సాటా (డిస్కులను బోర్డుకు కలిపే ప్లగ్గు రకం) ఎస్‌ఎస్‌డీ, 4 టీబీ హార్డ్‌డిస్కులు రెండు, 2 టీబీ హార్డ్‌డిస్కు ఒకటి ఉన్నాయి. పెళ్లి జరిగిన మూడేళ్లకు వచ్చి ఆల్బమ్ మళ్లీ వేయించమని అడిగేవారు ఉంటారు కనుక పాత ఫైళ్లు తీసేయలేక, పోయిన వారం 8 టీబీ డిస్కులు రెండు అదనంగా పెట్టించాను. వాటిలో ఒకటి దుకాణంలో కొన్నది, రెండవది నా దగ్గరున్న ఎక్స్‌టర్నల్ డ్రైవ్ డబ్బా విప్పి తీసినది. మదర్‌బోర్డు మీద సాటా పోర్టులు నాలుగే ఉండటం వల్ల అదనపు పోర్టులు ఇచ్చే ఒక పీసీఐఈ కార్డు కూడా వేశారు.

అప్పటి నుండి ఉదయం స్టూడియో తెరిచి బటన్ నొక్కగానే ఫ్యాన్లు ఒక క్షణం తిరిగి, టక్కుమని శబ్దం వచ్చి అంతా ఆగిపోతోంది. వెంటనే రెండవసారి నొక్కితే మామూలుగా లేస్తోంది. వారంలో నాలుగు రోజులు ఇదే జరిగింది. ఒకసారి ఫైళ్లు కాపీ అవుతూ ఉండగా కొత్త డిస్కుల్లో ఒకటి మై కంప్యూటర్‌లోంచి మాయమై, రీస్టార్ట్ చేశాక తిరిగి వచ్చింది. ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును లోపలి భాగాలకు కావలసిన తక్కువ వోల్టులకు మార్చి ఇచ్చే పెట్టె) మీద 450 వాట్లు అని రాసి ఉంది. ఇంటర్నెట్‌లో లెక్క వేస్తే నా కంప్యూటర్‌కు 250 వాట్లు కూడా అక్కర్లేదని చూపిస్తోంది. అయితే లోపం ఎక్కడ ఉన్నట్టు?

పెదవాల్తేరు_తీరం (శనివారం, రాత్రి 10:05)

ఆలోచించడానికి ఏముందండి, 750 వాట్లది ఒకటి కొని పెట్టేయండి. మళ్లీ పదేళ్ల వరకు దాని జోలికి వెళ్లనవసరం ఉండదు. ఎస్‌ఎంపీఎస్ దగ్గర పొదుపు చేసి, పోయిన డేటా కోసం రికవరీ వారి చుట్టూ తిరిగిన వారిని చాలామందిని చూశాను.

ఉక్కునగరం_మోటారు (శనివారం, రాత్రి 10:50)

కొనడం ఎలాగూ ఉంటుంది, ముందు రోగం ఏమిటో తెలుసుకుందాం. నేను ముప్పై ఏళ్లు మోటార్ల మధ్య పనిచేసిన ఎలక్ట్రికల్ మనిషిని కనుక, దీన్ని నాకు తెలిసిన దారిలో చెబుతాను.

పల్లెల్లో త్రీ ఫేజ్ కరెంటు వచ్చే వేళకు రైతు చేలో ఉండనవసరం లేకుండా పంపుసెట్లకు ఆటోమేటిక్ స్టార్టర్లు పెట్టుకుంటారు. కరెంటు రాగానే ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి. తిరుగుతున్న మోటారు తీసుకునే కరెంటు వేరు, నిలిచి ఉన్న మోటారు కదలడానికి తీసుకునే కరెంటు వేరు. నేరుగా స్టార్ట్ చేసే ఇండక్షన్ మోటారు మొదట్లో తన మామూలు కరెంటుకు 5 నుండి 7 రెట్లు లాగుతుంది. పదిహేను పంపులను రోజంతా మోయగలిగిన ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఆ మొదటి నిమిషంలోనే ఫ్యూజు కొట్టేసుకునేది ఇందుకే.

మీ క్యాబినెట్‌లో ఇప్పుడు అలాంటి మోటార్లు ఐదు ఉన్నాయి. 3.5 అంగుళాల హార్డ్‌డిస్కు తిరుగుతున్నప్పుడు 6 నుండి 9 వాట్లతో సరిపెట్టుకుంటుంది. నిలిచి ఉన్న పళ్లాలను నిమిషానికి 5400 లేదా 7200 చుట్లకు అందించే ఆ కొద్ది సెకన్లలో మాత్రం 12 వోల్టుల తీగ మీద దాదాపు 2 ఆంపియర్లు, అంటే 24 వాట్ల వరకు లాగుతుంది. మామూలు మదర్‌బోర్డుకు వీటిని వరుసలో లేపే ఏర్పాటు ఉండదు కనుక ఐదూ ఒకేసారి లేస్తాయి, అంటే 10 ఆంపియర్లు. మీరు చూసిన ఆన్‌లైన్ లెక్క తిరుగుతున్న డిస్కులకు వేసినదై ఉంటుంది.

రెండవసారి నొక్కగానే లేవడంలో కూడా ఇదే సంగతి దాగి ఉంది. మొదటి ప్రయత్నంలో పళ్లాలు కొంత వేగం అందుకున్నాయి, మీరు వెంటనే మళ్లీ నొక్కేసరికి అవి ఇంకా పూర్తిగా ఆగలేదు, అందువల్ల రెండవసారి బరువు తగ్గింది. దీన్ని పరీక్షించడం సులువే. రేపు ఉదయం మొదటిసారి ఆగిపోయాక రెండు నిమిషాలు ఊరుకుని అప్పుడు నొక్కి చూడండి. అలాగే ఎస్‌ఎంపీఎస్ పక్కన అతికించిన కాగితం మీద 12 వోల్టుల ఎదురుగా ఎన్ని ఆంపియర్లు రాసి ఉందో చెప్పండి. ముందు వైపు పెద్ద అక్షరాల్లో ఉన్న 450 నాకు అక్కర్లేదు.

గాజువాక_కెమెరా (ఆదివారం, ఉదయం 11:15)

ఉక్కునగరం గారూ, మీరు చెప్పినట్టే రెండు నిమిషాలు ఆగి నొక్కితే రెండవసారి కూడా ఆగిపోయింది. మూడవసారి వెంటనే నొక్కాను, లేచింది.

కాగితం మీద 12 వోల్టులకు 17 ఆంపియర్లు, 5 వోల్టులకు 24, 3.3 వోల్టులకు 20 అని ఉంది. ఇంకొక విషయం. ఎస్‌ఎంపీఎస్ నుండి వచ్చే సాటా పవర్ ప్లగ్గులు మూడే. వాటిని ఎస్‌ఎస్‌డీకి, రెండు 4 టీబీ డిస్కులకు పెట్టారు. మిగిలిన 2 టీబీకి, రెండు 8 టీబీలకు కలిపి, నాలుగు రంధ్రాల పాత మోలెక్స్ ప్లగ్గుకు ఒక కన్వర్టర్ తగిలించి, దాని మూడు కొమ్మల నుండి ఇచ్చారు. క్యాబినెట్ మూత తీస్తే కొద్దిగా ప్లాస్టిక్ వాసన వస్తోంది. కొత్త సామాను వాసన అనుకున్నాను.

పసుపుతీగ (ఆదివారం, మధ్యాహ్నం 12:30)

వాసన వస్తోందంటే ఈ చర్చ ముగిసే వరకు ఆ కంప్యూటర్‌ను ఆన్ చేయకండి. మిగిలినవన్నీ తరువాత.

ముందు లెక్క చూద్దాం. 17 ఆంపియర్లను 12తో గుణిస్తే 204 వాట్లు. ఈ కాలపు కంప్యూటర్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, ఫ్యాన్లు, డిస్కుల మోటార్లు అన్నీ 12 వోల్టుల మీదే బతుకుతాయి. కనుక మీ ఎస్‌ఎంపీఎస్ పేరుకు 450 అయినా మీ పనికి వచ్చేది ఆ 204 మాత్రమే. మిగిలిన వాట్లను 5, 3.3 వోల్టుల దగ్గర చూపించి అంకె పెంచారు. ప్రాసెసర్ 65, గ్రాఫిక్స్ 75, ఫ్యాన్లు, బోర్డు కొంత, ఐదు డిస్కుల మోటార్ల వాటా 20 నుండి 25 వేసుకుంటే, రెండర్ జరుగుతుండగా కాపీ కూడా నడిచినప్పుడు 180 దగ్గరకు చేరుతుంది. ఉదయం లేచేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు ఖాళీగానే ఉంటుంది, అయినా డిస్కులకు 120, మిగతావాటికి 60 లేదా 70 కలిపితే మళ్లీ అక్కడికే వస్తుంది. కొత్తగా ఉన్నప్పుడు ఇది నెట్టుకొచ్చేదేమో. ఆరేళ్ల తరువాత లోపలి కెపాసిటర్లు ఎండి, వాటి అంతర్గత నిరోధం పెరిగి ఉంటుంది. అది వేడెక్కాక కొంత తగ్గుతుంది, అందుకే పాత ఎస్‌ఎంపీఎస్‌లు మధ్యాహ్నం బాగానే ఉండి ఉదయం మొరాయిస్తాయి. విశాఖలో చలి ఎక్కడుంది అనుకోకండి, రాత్రంతా ఆగి ఉన్న ఎస్‌ఎంపీఎస్‌కు, గంటసేపు పనిచేసిన ఎస్‌ఎంపీఎస్‌కు మధ్య ఉన్న తేడా చాలు.

ఇక ఆ కన్వర్టర్. నాకు దిగులుగా ఉన్నది దాని గురించే. మోలెక్స్ వైపు లావుపాటి పిన్నులు ఉంటాయి కనుక 6 ఆంపియర్లను అవి తట్టుకుంటాయి. ఇబ్బంది సాటా చివరల్లో ఉంది. చౌక కన్వర్టర్లలో తీగలను సాటా ప్లగ్గు లోపల పెట్టి, వాటి మీద కరిగిన ప్లాస్టిక్‌ను అచ్చు పోసేస్తారు. పోసేటప్పుడు తీగ ఏ కాస్త పక్కకు జరిగినా 12 వోల్టుల పసుపు తీగకు, ఎర్త్ అయిన నల్ల తీగకు మధ్య వెంట్రుకవాసి దూరమే మిగులుతుంది. నెలల తరబడి వేడికి ఆ ప్లాస్టిక్ మెత్తబడి ఒకనాడు అవి రెండూ కలుస్తాయి. అటువంటివి మంటలు రేగి డిస్కులను కాల్చిన సంఘటనలు ప్రపంచమంతటా ఎన్నో ఉన్నాయి. ప్లగ్గు వెనుక మూత విడిగా ఊడివచ్చి, తీగలు ఒక్కొక్కటిగా నొక్కి బిగించినట్టు కనిపించే రకం అయితే నయం. మీది ఏ రకమో చూడండి. గోడ ప్లగ్గు తీసేసి, అయిదు నిమిషాలు ఆగి, మూడు కొమ్మలనూ ఒక్కొక్కటిగా డిస్కుల నుండి లాగి వెలుతురులో పరీక్షించండి.

డిస్కుల_పెట్టె (ఆదివారం, మధ్యాహ్నం 1:10)

పసుపుతీగ గారు మోలెక్స్ గురించి చెప్పారు. సాటా ప్లగ్గు నుండే మరో రెండు మూడు సాటా ప్లగ్గులుగా చీల్చే కొమ్మలు కూడా దుకాణాల్లో దొరుకుతాయి. వాటికి వేరే హద్దు ఉంది. సాటా పవర్ ప్లగ్గులో 15 పిన్నులు ఉంటాయి, ఒక్కొక్క వోల్టేజికి మూడేసి. ఒక పిన్ను మోయగలది 1.5 ఆంపియర్లు కనుక ఒక ప్లగ్గు 12 వోల్టుల మీద మోయగలది 4.5 మాత్రమే. రెండు డిస్కుల వరకు సరిపోతుంది, మూడవది తగిలిస్తే లేచేటప్పుడు 6 అవుతుంది. నాలుగు కొమ్మలది ఎందుకు అమ్ముతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఎస్‌ఎస్‌డీలకు మాత్రం ఈ బాధ లేదు, వాటికి మోటారు లేదు, 5 వోల్టుల మీద కొద్ది వాట్లతో పని అయిపోతుంది. ల్యాప్‌టాప్‌లో ఉండే 2.5 అంగుళాల డిస్కులు కూడా 5 వోల్టుల మీదే నడుస్తాయి.

గాజువాక_కెమెరా (ఆదివారం, సాయంత్రం 6:20)

తీసి చూశాను. అచ్చు పోసిన రకమే. రెండు కొమ్మలు పైకి బాగానే ఉన్నాయి. మూడవది, 8 టీబీ డిస్కుకు పెట్టినది, లాగుతుంటే అతుక్కున్నట్టు గట్టిగా వచ్చింది. నల్లగా ఉండాల్సిన ప్లాస్టిక్ ఒక అంచున ముదురు గోధుమ రంగుకు మారి, వేలితో నొక్కితే చింతపండు పిక్క మీది తొక్కలా పొరగా లేచింది. లోపలి బంగారు రంగు పిన్నుల్లో చివరి మూడు మసకబారాయి. డిస్కు వైపు పిన్నులు మాత్రం శుభ్రంగానే ఉన్నాయి. ఈ డిస్కే కాపీ మధ్యలో మాయమైనది.

పక్క వీధిలోని టీవీ మెకానిక్ దగ్గర మల్టీమీటరు తెచ్చి కొలిచాను. కన్వర్టర్‌ను తీసేసి మూడు డిస్కులనే, అంటే ఎస్‌ఎస్‌డీని, రెండు 4 టీబీలను ఉంచి ఆన్ చేసినప్పుడు, ఖాళీగా ఉన్న మోలెక్స్ ప్లగ్గు పసుపు రంధ్రంలో కనిష్ఠంగా 11.71 వోల్టులు చూపించి తరువాత 11.93 దగ్గర నిలిచింది. వేరే ఇంటి నుండి కొత్త కన్వర్టర్లు తెచ్చి ఐదు డిస్కులతో ఒక్కసారి మాత్రం ప్రయత్నించాను, అదృష్టవశాత్తు లేచింది, మీటరు కనిష్ఠంగా 11.28 చూపించింది.

ఉక్కునగరం_మోటారు (ఆదివారం, రాత్రి 8:00)

ఇక సందేహం లేదు. కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్‌లు పాటించే ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం 12 వోల్టులు 5 శాతానికి మించి అటూ ఇటూ కాకూడదు, అంటే 11.40 కంటే కిందికి దిగకూడదు. మీకు 11.28 కనిపించింది. అది కూడా మీటరు సెకనుకు రెండు మూడు సార్లు సగటు తీసి చూపిన అంకె. అసలు గుంట అంతకంటే లోతుగా ఉండి ఉంటుంది, వోల్టేజి మార్పును క్షణక్షణం గీతగా చూపే ఆసిలోస్కోపు పెడితే తెలుస్తుంది. ఆగిపోవడానికి కారణం ఎస్‌ఎంపీఎస్, డిస్కు మాయమవడానికి కారణం ఆ ప్లగ్గు. మీకు వచ్చినవి రెండు వేర్వేరు రోగాలు, ఒకే రోజు పట్టుకున్నాయి కనుక ఒకటిగా కనిపించాయి. 750 వాట్లది కొని ఆ కన్వర్టర్‌ను అలాగే ఉంచి ఉంటే మొదటిది పోయి రెండవది మిగిలేది.

పెదవాల్తేరు_తీరం (ఆదివారం, రాత్రి 8:35)

ఒప్పుకుంటున్నాను, కన్వర్టర్ సంగతి నాకు తట్టలేదు. అయినా 750 కొంటే నష్టం ఏమిటి? పైగా గోల్డ్ ముద్ర ఉన్నది తీసుకుంటే నాణ్యత గురించి కూడా బెంగ ఉండదు కదా.

మరో మాట. మా ఇల్లు బీచ్ రోడ్డుకు రెండు వీధుల అవతల. ఉప్పు గాలికి కిటికీ ఇనుప చువ్వలే కాదు, కంప్యూటర్ లోపలి పిన్నులు కూడా మసకబారతాయి. ఏడాదికి ఒకసారి ప్లగ్గులన్నీ తీసి, కాంటాక్ట్ క్లీనర్ చల్లి మళ్లీ బిగిస్తాను. గాజువాకలో ఉప్పు కంటే దుమ్ము ఎక్కువ ఉంటుందేమో, ఏదైనా తీసి చూడటం మంచిది.

పసుపుతీగ (ఆదివారం, రాత్రి 9:30)

750 వల్ల డబ్బు తప్ప వేరే నష్టం లేదు, లాభం కూడా లేదు. మీరన్న గోల్డ్ 80 ప్లస్ ముద్రలో ఒక స్థాయి. ఆ ముద్ర చెప్పేది ఒక్కటే, గోడ నుండి తీసుకున్న కరెంటులో ఎంత భాగం వృథా కాకుండా లోపలికి చేరుతోంది అని. దాన్ని 20, 50, 100 శాతం బరువుల దగ్గర కొలుస్తారు. ఐదు డిస్కులు ఒక్కసారిగా లేచినప్పుడు 12 వోల్టులు ఎంత దిగుతాయో, సాటా కేబుళ్లు ఎన్ని వస్తాయో ఆ ముద్ర చెప్పదు. మంచి ఎస్‌ఎంపీఎస్‌లకు ఆ ముద్ర ఉంటుంది, ముద్ర ఉన్నవన్నీ మనకు సరిపోతాయని కాదు.

ఈ కంప్యూటర్‌కు మంచి తయారీదారు 550 వాట్లది చాలు. కాగితం మీద 12 వోల్టుల ఎదురుగా 40 ఆంపియర్లకు తక్కువ కాకుండా ఉందా, సాటా పవర్ ప్లగ్గులు కనీసం ఆరు ఉన్నాయా, అవి కనీసం రెండు వేర్వేరు కేబుళ్ల మీద ఉన్నాయా అని చూడండి. మూడవదాన్ని ఎవరూ చూడరు, మీకు అవసరమైనది అదే. ద్వారకానగర్ దుకాణాల్లో అడిగితే వాట్లు, ధర చెబుతారు కాని ప్లగ్గుల సంఖ్య చెప్పరు. డబ్బా వెనుక వైపు బొమ్మ వేసి ఉంటుంది, అక్కడే నిలబడి లెక్కపెట్టుకోండి.

మధురవాడ_కోడ్ (సోమవారం, ఉదయం 7:50)

కొత్తది కొనకుండా డిస్కులను ఒకదాని తరువాత ఒకటి లేపే ఉపాయం లేదా? సర్వర్లలో అలాగే చేస్తారు కదా. డిస్కును పవర్ రాగానే లేవకుండా, ఆజ్ఞ వచ్చాకే తిరిగేలా పెట్టే సౌకర్యం ఉందని విన్నాను.

డిస్కుల_పెట్టె (సోమవారం, ఉదయం 9:20)

ఉందండి. సర్వర్లలో డిస్కులను కలపడానికి వాడే హెచ్‌బీఏ కార్డులు డిస్కులను వంతులవారీగా లేపుతాయి. డిస్కు కూడా దానికి ఒప్పుకోవాలి, పవర్ ప్లగ్గులోని 11వ పిన్ను ఎలా కలిపి ఉంది అన్నది కూడా చూడాలి. మీరు విన్న రెండవ సౌకర్యాన్ని లినక్స్‌లో హెచ్‌డీపార్మ్ అనే ప్రోగ్రామ్‌తో పెట్టవచ్చు, కాని ఇళ్లలో వాడే మదర్‌బోర్డులు అలా నిద్రపోతున్న డిస్కును కొన్నిసార్లు అసలు గుర్తించవు. ఈయన ముహూర్తాల మధ్య పని చేసుకునే మనిషి, ప్రయోగాలు వద్దు.

అంతకంటే ముఖ్యమైన హెచ్చరిక ఒకటి ఉంది. రెండేళ్ల క్రితం నేను ఒక మాడ్యులర్ (కేబుళ్లు ఊడదీసి మళ్లీ పెట్టుకునే రకం) ఎస్‌ఎంపీఎస్ తీసి మరొకటి పెట్టాను. పాత కేబుళ్లు క్యాబినెట్ లోపల చక్కగా సర్ది, టై వేసి ఉన్నాయి. ఎస్‌ఎంపీఎస్ వైపు చూస్తే కొత్తదానికి కూడా అదే ఆరు పిన్నుల రంధ్రం. సరిగ్గా పట్టింది, టిక్కుమని లాక్ కూడా పడింది. విప్పడానికి బద్ధకించి వాటినే వాడి బటన్ నొక్కాను. శబ్దం కూడా రాలేదు, సన్నటి పొగ గీత ఒకటి లేచింది, రెండు డిస్కులు పోయాయి. డిస్కు వైపు సాటా ప్లగ్గు అన్నిచోట్లా ఒకటే కాని, ఎస్‌ఎంపీఎస్ వైపు ఏ రంధ్రంలో ఏ వోల్టేజి రావాలన్నదానికి ప్రమాణం ఏదీ లేదు, ఒకే కంపెనీ రెండు మోడళ్ల మధ్య కూడా తేడా ఉండవచ్చు. 5 వోల్టులు రావలసిన తీగలోకి 12 వోల్టులు వెళ్లాయి. ఒక డిస్కులో రక్షణ కోసం పెట్టిన చిన్న డయోడ్ ముందుగా కాలిపోయి మిగతాదాన్ని కాపాడింది, దాన్ని తీసేయించాక డేటా బయటికి వచ్చింది. రెండవది రాలేదు. అందులో మా అమ్మాయి అన్నప్రాశన వీడియో ఉంది.

కనుక కొత్త ఎస్‌ఎంపీఎస్ డబ్బాలోంచి వచ్చిన కేబుళ్లు తప్ప మరేవీ వాడకండి. పాతవి పాత ఎస్‌ఎంపీఎస్‌తో పాటు సంచిలో కట్టేయండి.

గాజువాక_కెమెరా (బుధవారం, రాత్రి 10:10)

550 వాట్లది తెచ్చి ఈ రోజు బిగించాను. 12 వోల్టులకు 45 ఆంపియర్లు. సాటా కేబుళ్లు రెండు, ఒక్కొక్క దానికి మూడేసి ప్లగ్గులు. ఒక కేబుల్‌కు ఎస్‌ఎస్‌డీ, రెండు 4 టీబీలు, రెండవదానికి 2 టీబీ, రెండు 8 టీబీలు పెట్టాను. కన్వర్టర్లన్నీ తీసేశాను. బటన్ నొక్కగానే ఒక్కసారికే లేచింది.

అయితే ఎక్స్‌టర్నల్ డబ్బా విప్పి తీసిన 8 టీబీ డిస్కు అసలు కనిపించడం లేదు. చెవి పెట్టి విన్నాను, చేయి పెట్టి చూశాను, కదలిక లేదు. ప్లగ్గులు మార్చి చూశాను, రెండవ 8 టీబీ డిస్కు ఆ ప్లగ్గు మీద బాగానే తిరుగుతోంది. కాలిన కన్వర్టర్ మీద కూడా తిరిగిన డిస్కు, కొత్త మంచి కేబుల్ మీద చచ్చిపోయింది. డిస్కుల_పెట్టె గారు చెప్పిన పొరపాటు నేను చేయలేదు, కేబుళ్లు కొత్తవే. ఆ డిస్కులో మాఘమాసం పెళ్లిళ్లు పదకొండు ఉన్నాయి. వాటికి వేరే కాపీ లేదు.

పసుపుతీగ (బుధవారం, రాత్రి 10:25)

కంగారు పడకండి, మీ డిస్కు చచ్చిపోలేదు, దాన్ని నిద్రపొమ్మని మీ కొత్త ఎస్‌ఎంపీఎస్ ఆజ్ఞాపిస్తోంది. మొదటి టపాలోనే మీరు డబ్బా విప్పిన సంగతి రాశారు, అప్పుడే చెప్పవలసింది, నాదే పొరపాటు.

సాటా పవర్ ప్లగ్గులో మొదటి మూడు పిన్నులు 3.3 వోల్టులవి. హార్డ్‌డిస్కులు వాటిని వాడుకునేవి కావు. సాటా 3.3 ప్రమాణంలో (ఈ 3.3 వోల్టులు కాదు, ప్రమాణం వెర్షన్ అంకె) మూడవ పిన్నుకు కొత్త పని ఇచ్చారు. డేటా సెంటర్లలో మొండికేసిన డిస్కును దూరం నుండే ఆపి లేపడానికి, ఆ పిన్నులో వోల్టేజి ఉన్నంతసేపు డిస్కు తిరగకుండా ఉండాలి అన్నారు. ఎక్స్‌టర్నల్ డబ్బాల్లో పెట్టే పెద్ద డిస్కుల్లో కొన్ని ఆ రకానివి. డబ్బాలో ఉన్నంతకాలం అక్కడి బోర్డు ఆ పిన్నుకు ఏమీ ఇవ్వదు. మీ పాత కన్వర్టర్ కూడా ఇవ్వలేదు, ఎందుకంటే మోలెక్స్ ప్లగ్గులో 12, 5 వోల్టులే ఉంటాయి, 3.3 ఉండదు. ఇప్పుడు నేరుగా సాటా కేబుల్ తగిలించారు, నారింజ తీగలో 3.3 వోల్టులు వచ్చాయి, డిస్కు మర్యాదగా నిద్రపోయింది.

దీనికి మళ్లీ కన్వర్టర్ జోలికి వెళ్లవద్దు. గోధుమ పసుపు రంగులో, వేడికి తట్టుకునే క్యాప్టన్ టేపు మొబైల్ రిపేరు చేసేవారి దగ్గర ఉంటుంది. గోడ ప్లగ్గు తీసేశాక డిస్కును బయటికి తీయండి. డిస్కు మీద రెండు ప్లగ్గు స్థానాలు ఉంటాయి. పొట్టిది డేటా, పొడవుది పవర్. పొడవుదానిలో డేటా వైపున ఉన్న చివరి నుండి మొదటి మూడు గీతలను టేపుతో కప్పండి. మూడవది ఒక్కటి చాలు కాని, అంత సన్నటి ముక్క కోయడం కష్టం, మొదటి రెండూ కప్పినా నష్టం లేదు. నాలుగవ దాని మీదికి టేపు పోకుండా చూసుకోండి. మామూలు సెల్లో టేపు వాడకండి, వేడికి జిగురు కారుతుంది.

గాజువాక_కెమెరా (గురువారం, మధ్యాహ్నం 3:45)

తిరిగింది! టేపు మూడుసార్లు వేశాను, రెండుసార్లు ప్లగ్గు తోసేటప్పుడు వెనక్కి మడతపడింది, మూడవసారి చివరను కిందికి చుట్టి అంటించాక నిలిచింది. పదకొండు పెళ్లిళ్లూ ఉన్నాయి. ముందుగా వాటిని రెండవ 8 టీబీ డిస్కులోకి కాపీ చేస్తున్నాను.

డిస్కు ఆరోగ్యం చూపే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో చూస్తే ఆరోగ్యం బాగుందనే వస్తోంది. అయితే సీ0 అనే వరుసలో 1ఎఫ్ అని ఉంది. ఇది భయపడవలసిన సంగతా?

డిస్కుల_పెట్టె (గురువారం, సాయంత్రం 5:05)

ఆ సాఫ్ట్‌వేర్ అంకెలను పదహారు ఆధారంగా చూపిస్తుంది, సెట్టింగుల్లో మామూలు అంకెలకు మార్చుకోవచ్చు. 1ఎఫ్ అంటే 31. సీ0 వరుస కరెంటు చెప్పాపెట్టకుండా పోయినప్పుడు డిస్కు తల హడావిడిగా పక్కకు తప్పుకున్న సందర్భాలను లెక్కపెడుతుంది. మీ ఉదయపు ఆటలన్నీ అందులో నమోదై ఉంటాయి. ఇకమీదట అది పెరగకపోతే చాలు. 05, సీ5 వరుసల్లో సున్నాలు ఉన్నాయా అని చూడండి, పళ్లాల మీద మచ్చలు పడ్డాయా అన్నది అవి చెబుతాయి. సీ7 పెరుగుతుంటే సాధారణంగా డిస్కు తప్పు ఉండదు, డేటా కేబుల్ మార్చాలి.

గాజువాక_కెమెరా (గురువారం, సాయంత్రం 5:30)

05, సీ5 రెండూ సున్నాలే. చివరి ప్రశ్న. నా యూపీఎస్ 600 వీఏది. 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ పెట్టాను కనుక యూపీఎస్ కూడా పెద్దది కొనాలని దుకాణంలో అన్నారు. నిజమేనా?

ఉక్కునగరం_మోటారు (గురువారం, రాత్రి 9:15)

550 అన్నది అది ఇవ్వగలిగినది, ఎప్పుడూ లాగేది కాదు. కంప్యూటర్ ఎంత అడిగితే అంతే తీసుకుంటుంది. మీది పూర్తి పనిలో గోడ దగ్గర 250 వాట్లకు అటూ ఇటూ ఉండవచ్చు, మానిటర్‌తో కలిపి 280 వేసుకోండి. 600 వీఏ యూపీఎస్‌లు సాధారణంగా 360 వాట్ల వరకు మోస్తాయి. మోస్తుంది కాని, ఆ బరువుతో కొద్ది నిమిషాలకంటే నిలవదు. అది పని కొనసాగించడానికి కాదు, సేవ్ చేసి ఆపడానికి. రెండు జాగ్రత్తలు పాటించండి. కరెంటు లేనప్పుడు బ్యాటరీ మీద కంప్యూటర్ ఆన్ చేయవద్దు, ఐదు మోటార్ల తోపు మళ్లీ దాని మీద పడుతుంది. రెండవది, కొత్త ఎస్‌ఎంపీఎస్‌లలో యాక్టివ్ పీఎఫ్‌సీ (గోడ నుండి కరెంటు తీసుకునే తీరును సరిదిద్దే సర్క్యూట్) ఉంటుంది, చౌక యూపీఎస్‌లు బ్యాటరీ మీద ఇచ్చే మెట్లమెట్ల తరంగంతో వాటిలో కొన్ని పేచీ పెట్టి ఆగిపోతాయి. ముఖ్యమైన ఫైళ్లన్నీ మూసి, యూపీఎస్ గోడ స్విచ్ ఒకసారి ఆపి చూడండి. కంప్యూటర్ నిలబడితే ఈ యూపీఎస్‌నే ఉంచుకోండి.

డిస్కులు ఐదు ఉన్నాయి కదా అని ఒక పెళ్లికి రెండు కాపీలు అదే క్యాబినెట్‌లో పెట్టి ఊరుకోకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా కిటికీ అద్దం పగిలి వాన నేరుగా టేబుల్ మీద పడింది. ఎస్‌ఎంపీఎస్, బోర్డు, లోపలి రెండు డిస్కులు అన్నీ ఒకే నీళ్లలో ఉన్నాయి. తరువాత రోజుల తరబడి కరెంటు లేదు కనుక ఏది బతికిందో చూసుకునే వీలు కూడా లేకపోయింది. మిగిలినది, మా తమ్ముడు విజయనగరం తీసుకెళ్లిన ఒక్క డిస్కు. మీ 2 టీబీ డిస్కును లోపల ఉంచడం వల్ల ప్రయోజనం తక్కువ. దాన్ని తీసేసి, ఈ ఏడాది పెళ్లిళ్ల కాపీ వేసి, స్టూడియోలో కాకుండా ఇంట్లో బీరువాలో పెట్టండి. ఉదయం లేచే మోటార్లు కూడా నాలుగుకు తగ్గుతాయి.

గాజువాక_కెమెరా (శుక్రవారం, రాత్రి 8:20)

యూపీఎస్ పరీక్ష చేశాను, కంప్యూటర్ ఆగలేదు, బీప్ కొట్టింది అంతే. 2 టీబీ డిస్కు బయటికి వచ్చి, స్పాంజి కవరులో సిలికా పొట్లంతో పాటు ఇంటికి చేరింది. మూడు రోజులుగా ఉదయం ఒక్క నొక్కుకే లేస్తోంది. మల్టీమీటరు తిరిగి ఇచ్చేముందు ఇంకోసారి కొలిచాను. నాలుగు డిస్కులు ఒకేసారి లేచినప్పుడు కనిష్ఠం 11.97.

కాలిన కన్వర్టర్‌ను పారేయలేదు. దాన్ని పెట్టించిన దుకాణానికి తీసుకెళ్లి కౌంటరు మీద పెట్టాను. ఆ అబ్బాయి గోధుమ రంగు అంచును గోటితో గీకి చూసి, అరలో వేలాడుతున్న అదే రకం కన్వర్టర్ల గుత్తిని తీసి లోపల పెట్టాడు.